ఏడాదికోసారి ఊపిరి టెస్టు చెయ్యాలె
కంపెనీ డాక్టరు అంటే జ్వరం గోలీలు ఇచ్చుడే కాదు, పని వల్ల రోగం రాకుండ చూసుకునుడు అని మీరు రాసింది మస్తు కరెక్టు. మా బావ నల్లగొండ దగ్గర కంకర క్రషర్ల 12 ఏండ్లు పనిచేసిండు, మూతికి తువ్వాల కట్టుకొని ఆ దుమ్ములనే, దగ్గు మొదలైతే బీడీల వల్ల అన్నరు గని ఆయన బీడీ ముట్టనే ముట్టడు, ఆఖరికి హైదరాబాద్ల ఎక్స్‌రే తీస్తే సిలికోసిస్ (రాతి దుమ్ము పీల్చి వచ్చే ఊపిరితిత్తుల రోగం) అని తేలింది. అది ఒక్కసారి వస్తే నయం కాదు, ఊపిరితిత్తులల్ల మచ్చలు పడ్తయ్. ప్రమాదకరమైన పనిల పెట్టే ముందు, తర్వాత ఏడాదికోసారి టెస్టులు చెయ్యాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలనే రాసి ఉండె, ఆ రికార్డు కార్మికునికి చూపియ్యాలని గూడ. ముందే దొరికితే దుమ్ము లేని పనిల వేసేటోళ్లు గదా! అన్నలూ, టెస్టు చేస్తే మీ రిపోర్టు అడిగి తీస్కోండి, దాచిపెట్టుకోండి.