ఎంత ఎత్తులో కట్టారు?

2014 జనవరిలో ఒక శనివారం నాలుగు కుటుంబాలం కలిసి హాఫ్ మూన్ బే బీచికి వెళ్దామనుకున్నాం. పులిహోర డబ్బాల్లో సర్దుతుంటే ఫోను మోగింది. "వదినా, ఆ వీడియో చూశారా? పిల్లల్ని మాత్రం అక్కడికి తీసుకెళ్లకండి." వీడియోలో ఒకాయన రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ పట్టుకుని ఇసుకలో నడుస్తున్నాడు. నల్లటి ఇసుక చార దగ్గరికి వెళ్లేసరికి అది టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. 2011లో జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చినప్పుడు దెబ్బతిన్న ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం విషం కాలిఫోర్నియా ఒడ్డుకు చేరిపోయిందని కింద రాశారు. ఆ రోజు పులిహోర ఇంట్లోనే తిన్నాం.

ఆ ఇసుకను పరీక్షిస్తే అందులో ఉన్నవి రేడియం, థోరియం అని తేలింది. ఈ రెండూ ఆ మట్టిలో సహజంగా ఉండేవే. భీమిలి, కళింగపట్నం వైపు పుట్టి పెరిగినవాళ్లకు ఇది వింతేమీ కాదు. మన తీరంలోని నల్ల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది, మోనజైట్‌లో థోరియం ఉంటుంది. అక్కడ కౌంటర్ పెట్టినా అది కూస్తుంది. ఫుకుషిమా నుంచి వచ్చిందా లేదా అని తేల్చడానికి వేరే గుర్తు ఉంది, సీజియం-134. రెండేళ్లకు సగమైపోయే పదార్థం కాబట్టి, పాత అణు పరీక్షల నాటిదేదీ ఇప్పుడు సముద్రంలో మిగలదు. ఎక్కడైనా కనబడితే అది ఫుకుషిమాదే. వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థలో కెన్ బ్యూసెలర్ బృందం దాని కోసం వెతికింది. 2014 నవంబరులో ఉత్తర కాలిఫోర్నియా తీరానికి దూరంగా, నడిసముద్రపు నీటిలో నిజంగానే దొరికింది. ఘనపు మీటరు నీటికి 2 బెకరెల్స్ (రేడియోధార్మికతకు కొలత) కన్నా తక్కువ. అలాంటి నీటిలో ఏడాది పొడవునా రోజుకు ఆరు గంటలు ఈదినా, ఒంటికి తగిలే రేడియేషన్ పంటి ఎక్స్‌రే ఒక్కదానిలో వెయ్యో వంతుకు కూడా రాదని ఆయన లెక్క కట్టి చెప్పారు.

సీజియం దొరికిందన్న మాటను ఆయన దాచలేదు. దొరికిందని చెప్పి, ఎంత దొరికిందో కూడా చెప్పారు. మనకు వచ్చే ఫార్వర్డుల్లో ఈ "ఎంత" అన్నదే ఉండదు.

అప్పట్లో చక్కర్లు కొట్టిన పటం చాలామందికి గుర్తుండే ఉంటుంది. జపాన్ దగ్గర నలుపు, ఊదా రంగులు, అక్కడి నుంచి ఎరుపు, పసుపు నాలుకలు పసిఫిక్ అంతా చాచుకుని అమెరికా దాకా వస్తాయి. రేడియేషన్ వ్యాపించిన తీరు ఇదేనంటూ ఇప్పటికీ పంపుతున్నారు. అది అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా తయారుచేసిన సునామీ పటం. అలలు ఎక్కడ ఎంత ఎత్తు లేచాయో చూపిస్తుంది. పక్కనున్న రంగుల పట్టీ మీద సెంటీమీటర్లు అని రాసి ఉంటుంది. రేడియేషన్‌ను సెంటీమీటర్లలో ఎవరు కొలుస్తారు? పంపేవాళ్లు ఒక్కసారి ఆ పట్టీ చదివితే చాలు.

ఇక భూకంపాన్నే మనుషులు పుట్టించారనే కథ. అలాస్కాలో రేడియో తరంగాలతో ఎగువ వాతావరణాన్ని పరిశోధించే హార్ప్ కేంద్రం నుంచి తరంగాలు పంపి భూమిని కదిపారట. ఆ కేంద్రం ట్రాన్స్‌మిటర్ల శక్తి మొత్తం కలిపి 3.6 మెగావాట్లు, అంటే ఒక పెద్ద గాలిమర ఇచ్చేంత. 2011 మార్చి 11న కదిలింది సముద్రం అడుగున దాదాపు 500 కిలోమీటర్ల పొడవున్న భూఫలకపు అంచు. తీవ్రత 9. క్రీ.శ. 869లో కూడా అదే తీరాన్ని పెద్ద సునామీ ముంచింది. అది మోసుకొచ్చిన ఇసుక సెందాయ్ మైదానంలో పొలాల కింద పొరగా ఇప్పటికీ ఉంది. దీని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

కొంచెం ఆగి ఆలోచించాల్సింది ఫుకుషిమా కేంద్రంలోని నాలుగో యూనిట్, అంటే నాలుగో రియాక్టర్ గురించి. అనుమానం రావడానికి అక్కడ కారణం ఉంది. మరమ్మతుల కోసం దాన్ని ఆపేసి, రియాక్టర్‌లోని ఇంధనమంతా తీసేసి ఉంచారు. అయినా మార్చి 15న ఆ భవనం పేలింది. ఖాళీ రియాక్టర్ ఎలా పేలుతుంది, లోపల బాంబు పెట్టి ఉంటారని కథ అల్లారు. అడిగిన ప్రశ్న సరైనదే, జవాబు పైపుల్లో దొరికింది. ఇంధన కడ్డీల మీద జిర్కోనియం తొడుగు ఉంటుంది. నీళ్లు అడుగంటి అది విపరీతంగా కాగినప్పుడు ఆవిరితో కలిసి హైడ్రోజన్ పుడుతుంది. 1, 3 యూనిట్ల భవనాలను పేల్చింది ఆ హైడ్రోజనే. మూడుకూ నాలుగుకూ పొగగొట్టం ఒకటే. మూడో యూనిట్ ఒత్తిడి తగ్గించడానికి వదిలిన వాయువు గొట్టంలోకి పోవడంతో పాటు ఎదురు తిరిగి నాలుగో యూనిట్లోకి కూడా దూరింది. తర్వాత ఆ యూనిట్ ఫిల్టర్లను కొలిస్తే, గాలి బయటికి పోయే వైపున్న ఫిల్టర్ ఎక్కువ కలుషితమై ఉంది, లోపలి వైపుది తక్కువ. అంటే గాలి బయటి నుంచి లోపలికి వచ్చిందన్నమాట. దొంగ ఏ తలుపు నుంచి వచ్చాడో అడుగుల గుర్తులే చెప్పాయి.

ఆ భవనంలో ఇంధనాన్ని నీళ్లలో ఉంచే కొలను కూలితే అమెరికా పశ్చిమ తీరం ఖాళీ చేయాల్సిందేనని కూడా భయపెట్టారు. అందులోని 1,535 ఇంధన కట్టలనూ ఒక్కొక్కటిగా పైకి తీసి, 2014 డిసెంబరుకు కొలను ఖాళీ చేశారు. ఆ సంగతి మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. బాంబనీ, తరంగాలనీ అనగానే అసలు తప్పు చేసినవాళ్లు పక్కకు తప్పుకుంటారు.

అదే రోజు, అదే భూకంపానికి ఫుకుషిమా కన్నా దగ్గరగా ఇంకో అణు విద్యుత్ కేంద్రం ఉంది, ఒనగావా. అక్కడికీ 13 మీటర్ల అల వచ్చింది. ఆ కేంద్రం నిలబడింది. ఇళ్లు కొట్టుకుపోయిన చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మూడు వందల మందికి పైగా ఆ కేంద్రంలోనే తలదాచుకున్నారు. అది ఎలా నిలబడింది? ఆ కేంద్రం కట్టేటప్పుడు యానొసుకె హిరాయ్ అనే ఇంజనీరు పాత సునామీలను గుర్తుచేసి, ఎత్తులో కట్టాల్సిందేనని పట్టుబట్టాడు. 14.8 మీటర్ల ఎత్తున కట్టారు. ఫుకుషిమాలో ఏం చేశారంటే, 35 మీటర్ల ఎత్తున్న సహజమైన కొండగట్టును తవ్వి, 10 మీటర్లకు దించి రియాక్టర్లు కట్టారు. డీజిల్ జనరేటర్లలో ఎక్కువ భాగం నేలమాళిగల్లో పెట్టారు. 2002లో సవరించిన లెక్క ప్రకారం అక్కడికి రాగల సునామీ ఎత్తు 5.7 మీటర్లు. 2008లో ఆ కేంద్రాన్ని నడిపే టెప్కో కంపెనీ లోపలే మళ్లీ లెక్క కడితే 15.7 మీటర్లు వచ్చింది. ఆ కాగితం టెప్కో పెద్దల ముందుకు వెళ్లింది. ఇంకా అధ్యయనం చేయించాలని పక్కన పెట్టారు. మూడేళ్లకు అల వచ్చింది, ఇంచుమించు ఆ కాగితం చెప్పినంత ఎత్తులో.

జనరేటర్లు మునిగిపోయి ఆ రాత్రి ఫుకుషిమా కంట్రోల్ రూములో కరెంటు లేదు. ఆపరేటర్లు టార్చిలైట్లతో మీటర్లు చూశారు. మీటర్లు పనిచేయడానికి బయట నిలిపిన కార్ల నుంచి బ్యాటరీలు పీకి తెచ్చి వైర్లు కలిపారు. మరుసటి రోజు, రియాక్టర్‌ను చల్లార్చడానికి సముద్రపు నీళ్లు పోయడం ఆపమని టోక్యో నుంచి మాట వచ్చింది. కేంద్రం మేనేజరు మసావో యోషిదా పక్కనున్నవాడితో ముందే ఒక మాట చెప్పుకుని, పైవాళ్లకు వినబడేలా "ఆపండి" అన్నాడు. నీళ్లు మాత్రం ఆగలేదు. అలాంటి మనుషులు ప్రాణాలకు తెగించి నిలబడ్డ చోటును కుట్రకథల బొమ్మగా మార్చడం నేను సహించలేను.

దాపరికం జరగలేదా అంటే, జరిగింది. నిజంగా జరిగింది కాబట్టే దొరికింది. టెప్కో విలేకరుల సమావేశం మధ్యలో "మెల్ట్‌డౌన్" (ఇంధనం కరిగిపోవడం) అనే మాట వాడొద్దని చీటీ అందించారు. అప్పటి కంపెనీ అధ్యక్షుడు షిమిజు ఆదేశం అదని 2016లో బయటపడింది. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయిందని ఒప్పుకోవడానికి కంపెనీకి రెండు నెలలు పట్టింది. రేడియేషన్ గాలిలో ఎటు పోతుందో అంచనా వేసే స్పీడీ అనే వ్యవస్థ ప్రభుత్వం దగ్గర ఉండి కూడా జనానికి సకాలంలో చెప్పలేదు. నమియే ఊరి జనం పిల్లాపాపలతో త్సుషిమా ప్రాంతానికి తరలిపోయారు. రేడియేషన్ ఎక్కువగా కురిసింది సరిగ్గా ఆ దిక్కునే. ఓకుమాలో ఒక ఆసుపత్రి నుంచి మంచం దిగలేని ముసలివాళ్లను బస్సులో ఎక్కించి పది గంటలు తిప్పారు. ఆ తరలింపులో నలభై మందికి పైగా పోయారు. ఫుకుషిమా జిల్లాలో తరలింపు కష్టాలు, ఆ తర్వాతి అవస్థల వల్ల పోయినవారు 2,300 మంది పైనే. సునామీలో పోయిన దాదాపు ఇరవై వేల మందినీ రేడియేషన్ ఖాతాలో వేసి పంపేవాళ్లు, ఈ 2,300 మంది పేరు కూడా ఎత్తరు.

2012లో జపాన్ పార్లమెంటు నియమించిన కురొకావా కమిషన్ ఇది మనుషులు చేసిన విపత్తని తేల్చి రాసింది. టెప్కో మాజీ పెద్దల మీద క్రిమినల్ కేసు నడిచింది. చివరికి 2025లో సుప్రీంకోర్టు కూడా వాళ్లను నిర్దోషులుగానే వదిలింది. మనం రాత్రింబవళ్లు మాట్లాడుకోవాల్సింది దీని గురించి.

2023 ఆగస్టులో ఫుకుషిమా కేంద్రం ట్యాంకుల్లో నిల్వ ఉన్న నీళ్లు శుద్ధి చేసి సముద్రంలోకి వదలడం మొదలైనప్పుడు మా మేనమామ ఫోన్ చేశారు. ఆయన ఉండేది రణస్థలం దగ్గర. ఆ నల్ల పటమే నాకు పంపి, "సముద్రం ఒడ్డుకి పోకండమ్మా" అన్నారు. ఆ నీటిలో ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) లీటరుకు 1,500 బెకరెల్స్ దాటకూడదని వాళ్లు పెట్టుకున్న హద్దు, తాగే నీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అంకె 10,000 అని చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "మరి మా కొవ్వాడ సంగతేటమ్మా?" అన్నారు. ఆయనుండే మండలంలోనే, కొవ్వాడ తీరంలో, ఆరు రియాక్టర్ల ప్రతిపాదన ఏళ్ల తరబడి నలుగుతోంది. ఆయన భయం పటం గురించి కాదని అప్పుడు అర్థమైంది. ఆ పటం పట్టుకుని సభలో లేచి నిలబడితే, వదంతులు నమ్మకండని అధికారి ఒక్క మాటతో కూర్చోబెట్టేస్తాడు. ఊరివాళ్ల అసలు ప్రశ్న కూడా దాంతోపాటే కొట్టుకుపోతుంది.

"ఏటడగమంటావు మరి?" అన్నారు. నేను చెబుతుంటే క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నారు. సముద్రానికి ఎంత ఎత్తులో కడతారు? రాగల అల ఎత్తు ఎంతని లెక్క కట్టారు, ఎవరు కట్టారు? కరెంటు పోతే నీళ్లు ఎలా తిరుగుతాయి? మంచం పట్టినవాళ్లను ఏ బండిలో, ఏ ఊరికి తీసుకెళ్తారు? రాసుకోవడం అయ్యాక ఒకసారి పైకి చదివారు, చివర్లో ఆయనే ఇంకోటి కలుపుకున్నారు: "లెక్క కట్టిన కాగితం తెలుగులో ఇవ్వాల."