సాంద్రత పెరిగితే ఎముక గట్టిపడినట్టేనా?

థైరాయిడ్ ఆపరేషన్ జరిగి పదేళ్లు దాటిన ఒక మహిళ, నెలసరి ఆగిపోయాక ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ చేయించుకుంటుంది. తోటి వయసువారితో పోల్చి చూపే జెడ్ స్కోరు ఆమెకు సగటు కంటే ఎక్కువగా వస్తుంది. ఎముకలు ఇనుములా ఉన్నాయని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆమెకు పారాథైరాయిడ్ హార్మోన్ లోపం ఉంటే, ఆ అంకెను చూసి నిశ్చింతగా ఉండకూడదన్నది నా అభిప్రాయం.

ఈ హార్మోన్‌ను తయారుచేసే పారాథైరాయిడ్ గ్రంథులు థైరాయిడ్ వెనుక అతుక్కుని ఉంటాయి; సాధారణంగా నాలుగు. ఒక్కొక్కటి బియ్యపు గింజంత ఉంటుంది. అంత చిన్నవి కావడం వల్లే, 1880లో స్వీడన్ వైద్య విద్యార్థి ఐవార్ సాండ్‌స్ట్రోమ్ వివరించేదాకా మనిషి శరీరంలో వాటి ఉనికి సరిగ్గా తెలియలేదు. మెడ ఆపరేషన్లలో అవి పొరపాటున తెగిపోవడమో, రక్తప్రసరణ అందక దెబ్బతినడమో జరుగుతుంది. పెద్దవారిలో ఈ లోపానికి ప్రధాన కారణం ఇదే.

రక్తంలో కాల్షియం తగ్గగానే ఈ హార్మోన్ ఎముక నుంచి కొంత విడిపిస్తుంది, మూత్రంలో పోయేదాన్ని కిడ్నీల దగ్గర ఆపుతుంది, విటమిన్ డిని చురుకైన రూపంలోకి మారుస్తుంది. అది లేకపోతే పెదవుల చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోవడం మొదలవుతాయి. బీపీ చూసే పట్టీని చేతికి బిగించి మూడు నిమిషాలు ఉంచితే, మణికట్టు వంగి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోవడం కళ్లారా చూడవచ్చు.

ఎముకలో జరిగేది మాత్రం ఇలా కంటికి కనబడదు. ఆరోగ్యవంతమైన ఎముక నిత్యం పాత భాగాన్ని తొలిచేసి, ఆ చోట కొత్తదాన్ని పోసుకుంటుంది. పెద్దవారి అస్థిపంజరంలో ఏటా సుమారు 10 శాతం ఇలా మారుతుందని అంచనా. ఈ పనిని పురమాయించే హార్మోనే లేనప్పుడు తొలిచే కణాలు, పోసే కణాలు రెండూ మందగిస్తాయి. పాత ఎముక పాతదిగానే మిగిలి, అందులో ఖనిజం మరింత పేరుకుంటుంది. తుంటి ఎముక నుంచి ముక్క తీసి పరీక్షించిన అధ్యయనాల్లో లోపలి జల్లెడలాంటి ఎముక పరిమాణం పెరిగినట్టు, మార్పిడి వేగం బాగా పడిపోయినట్టు తేలింది. స్కాన్ కొలిచేది ఖనిజాన్నే తప్ప ఎముక వయసును కాదు. రోజువారీ బరువుకు పడే సన్నని పగుళ్లు సకాలంలో పూడకపోతే ఎంత సాంద్రత ఉన్నా బలం అనుమానమే. ఆపరేషన్ వల్ల కాకుండా ఇతర కారణాలతో ఈ లోపం వచ్చినవారిలో వెన్నుపూస విరుగుళ్లు ఎక్కువగా కనిపించడం ఈ అనుమానాన్ని బలపరుస్తోంది. ఆపరేషన్ తర్వాత లోపం వచ్చినవారిలో మాత్రం మొత్తం మీద అలాంటి పెరుగుదల స్పష్టంగా కనిపించలేదు. కాబట్టి అందరినీ ఒకే గాటన కట్టడం కూడా తప్పే.

కాల్షియం, కాల్సిట్రియాల్ (చురుకైన రూపంలోని విటమిన్ డి) మాత్రలు తిమ్మిర్లను అదుపు చేస్తాయి కానీ, ఎముకకు ఆగిన పనిని తిరిగి అప్పగించలేవు. హార్మోన్‌నే ఇంజెక్షన్‌గా ఇస్తే మార్పిడి మళ్లీ మొదలవుతుంది; అప్పుడు ముంజేయి వంటి చోట్ల సాంద్రత కొంత తగ్గవచ్చు. ఆ తగ్గుదలను చూసి మందు హాని చేస్తోందని వెంటనే తేల్చేయడం తొందరపాటు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. ఈ లోపం ఉన్న వ్యక్తికి వెన్నుపూస విరిగితే, గుల్లబారిన ఎముకలకు వాడే జోలెడ్రోనిక్ యాసిడ్ వంటి ఇంజెక్షన్ ఇచ్చే ప్రమాదం ఉంది. అది అసలే మందగించిన మార్పిడిని ఇంకా అణచివేసి, రక్తంలో కాల్షియాన్ని ప్రాణాపాయ స్థాయికి దించగలదు. మెడ మీద పాత ఆపరేషన్ గాటు ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ ఇంజెక్షన్ కంటే ముందు కాల్షియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం, పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షలు చేయించాలి.