వెనీలా పెంచినంత మాత్రాన షాలిమార్ కొత్తదైపోదు

ఫ్రెంచ్ పెర్ఫ్యూమ్ సంస్థ గెర్లాన్ తన పాత పెర్ఫ్యూమ్ షాలిమార్‌ను పదిహేనేళ్లుగా వెనీలా వైపు తిప్పుతూనే ఉంది. 2010లో ఆ సంస్థ పెర్ఫ్యూమర్ థియెరీ వాసర్ చేతుల మీదుగా ‘ఓడ్ అ లా వనీయ్’ వచ్చింది. 2021లో ‘మిల్లెసిమ్ వనీలా ప్లానిఫోలియా’, నూరేళ్లు నిండిన 2025లో ‘లెసాన్స్’ వచ్చాయి. మిగతా కంపెనీలు కూడా తమ పాత పెర్ఫ్యూమ్‌లకు పేరు పక్కన వెనీలా అని చేర్చి మళ్లీ అమ్ముతున్నాయి. వీటిలో ఏది నిజంగా కొత్త ఆలోచన, ఏది ఉన్నదానికే చక్కెర కలపడం అన్నది తేలాలంటే, అసలు షాలిమార్‌లో వెనీలా ఏం పని చేసేదో ముందు చూడాలి.

1889లో ఎమె గెర్లాన్ చేసిన పెర్ఫ్యూమ్ ‘జికీ’లోనే వెనీలా వాసననిచ్చే కృత్రిమ వెనిలిన్, ఎండుగడ్డి వాసననిచ్చే కూమరిన్ ఉన్నాయి. జాక్ గెర్లాన్ ఒక జికీ సీసాలోకి ఈథైల్ వెనిలిన్ ఒంపి చూశాడనీ, షాలిమార్ అక్కడ పుట్టిందనీ చెప్పుకునే కథ ఆకర్షణీయంగానే ఉంటుంది. షాజహాన్ ముంతాజ్ కోసం వేసిన తోట పేరే పెట్టారన్న ప్రచారం కూడా అలాంటిదే. ముంతాజ్ 1631లో కన్నుమూసింది. లాహోర్ షాలిమార్ తోట పని మొదలైంది 1641లో. శ్రీనగర్‌లోని తోట అంతకుముందే జహంగీర్ వేయించినది. పెర్ఫ్యూమ్ పెట్టెల మీది చరిత్రను ఎంతవరకు నమ్మాలో ఈ తేదీలే చెబుతాయి.

కథ సంగతి ఎలా ఉన్నా, సీసాలోని లెక్క మాత్రం ఆసక్తికరమే. ఈథైల్ వెనిలిన్ తీపి ఘాటు మామూలు వెనిలిన్‌కు సుమారు మూడు రెట్లు. అంత తీపిని భరించగలిగేలా చేసేవి మూడు. పైన బెర్గమోట్: ఇటలీలోని కలాబ్రియాలో పండే నిమ్మజాతి కాయ తొక్క నూనె. షాలిమార్ సారంలో, అంటే ఆల్కహాల్ కలపక ముందున్న వాసన ద్రవ్యాల మిశ్రమంలో, దాదాపు మూడో వంతు ఇదేనని ఈ వృత్తిలో చెప్పుకుంటారు. అడుగున పునుగు, తోలు, పొగచూరిన తారు వాసనలు. మధ్యలో వట్టివేరు, పచౌలి, ఐరిస్ దుంప తెచ్చే పొడితనం. ముక్కుకు ముందు పులుపు, ఆ వెనక కాస్త మురికి తగులుతాయి. తీపి వీటి మధ్య నుంచి మెల్లగా పైకి వస్తుంది.

ఇప్పుడు ‘వెనీలా వెర్షన్’ చేయమంటే చాలామంది వెనిలిన్ పెంచి, జంతు వాసన తీసేసి, పైన పీచుమిఠాయి వాసననిచ్చే ఈథైల్ మాల్టాల్ చల్లుతారు. 1992లో మ్యూగ్లర్ వారి ‘ఏంజెల్’ విజయం తర్వాత ఈ పీచుమిఠాయి వాసన పెద్ద అలవాటైపోయింది. ఏంజెల్‌లో ఆ తీపికి ఎదురుగా బోలెడు పచౌలి ఉందన్న సంగతి మాత్రం అనుకరించినవాళ్లు మరిచిపోయారు. వెనిలిన్ తొందరగా ఆవిరి కాదు. బెర్గమోట్ గంటలోపే తేలిపోతే, వెనిలిన్ కాగితపు పట్టీ మీద రోజుల తరబడి ఉంటుంది. అంటే పెంచిన ప్రతి పాలూ మొదటి పది నిమిషాల్లో కంటే ఎనిమిదో గంటలో ఎక్కువగా తెలుస్తుంది. దుకాణంలో వాసన చూసి మెచ్చుకున్న సెంటు సాయంత్రానికి బిస్కెట్ పొట్లంలా మిగిలేది ఇందుకే.

నిబంధనల ప్రభావం కూడా ఇక్కడ చిన్నది కాదు. మామూలు బెర్గమోట్ నూనెలోని బెర్గాప్టెన్ ఎండ తగిలిన చర్మాన్ని కాలుస్తుంది. అందుకే పరిమళ పరిశ్రమ అంతర్జాతీయ సంఘం ఇఫ్రా ప్రమాణాల ప్రకారం ఒంటి మీద నిలిచే ఉత్పత్తిలో ఆ నూనె 0.4 శాతం దాటకూడదు. 15 శాతం సారం ఉన్న పెర్ఫ్యూమ్‌లో, ఆ సారంలో 30 శాతం బెర్గమోట్ అనుకుంటే సీసాలో 4.5 శాతం అవుతుంది, పరిమితికి పదకొండు రెట్లు. కాబట్టి బెర్గాప్టెన్ తొలగించిన నూనె వాడక తప్పదు. వాసన కొద్దిగా పలచబడినా పని జరుగుతుంది. కానీ ఖర్చు చూసుకునో, తీపి ముందుకు రావాలనో ఆ పాలును తగ్గిస్తే తీపికి పగ్గం తెగినట్టే.

సిసలైన పునర్‌వ్యాఖ్యానానికి దారి వేరే ఉంది. తీపి మోతాదు అలాగే ఉంచి, దాని స్వభావం మార్చాలి. అసలు వెనీలా కాయ వాసన ఐస్‌క్రీమ్ వాసన కాదు. గ్వాయకాల్ వల్ల పొగ, క్రెసాల్ వల్ల తోలు, వాటి వెనక ఎండుద్రాక్ష, రమ్ ఛాయలు ఉంటాయి. పచ్చి కాయలో ఇవేవీ తెలియవు. కాయను సుమారు 65 డిగ్రీల నీటిలో మూడు నిమిషాలు ముంచి, కప్పి చెమట పట్టించి, ఎండబెట్టి, నెలల తరబడి పెట్టెల్లో మగ్గబెడితే, ఎంజైములు గ్లూకోజుతో ముడిపడ్డ వెనిలిన్‌ను విడదీస్తాయి. ఐదారు కిలోల పచ్చి కాయలకు ఒక కిలో తయారవుతుంది. అందులో వెనిలిన్ దాదాపు 2 శాతమే.

ఈ లెక్కను సీసా దాకా తీసుకెళ్తే అసలు ఇబ్బంది కనిపిస్తుంది. లీటరు ఆల్కహాల్‌లో 100 గ్రాముల కాయలు తరిగి నానబెడితే, అంతా దిగినా దక్కే వెనిలిన్ 2 గ్రాములు. ‘సహజ వెనీలా’ అని పెట్టె మీద రాసుకున్నా తీపి బరువును మోసేది కృత్రిమ వెనిలినే. ఇందులో మోసమేమీ లేదు, ఇలా నానబెట్టిన కాయ కషాయం పని పొగనీ తోలునీ అందించడం.

చిన్న ప్రయోగంతో ఇది తేల్చుకోవచ్చు. కిందిది గెర్లాన్ సూత్రం కాదు, ఆ నిర్మాణాన్ని అర్థం చేసుకునే అస్థిపంజరం. 10 గ్రాముల సారానికి బెర్గాప్టెన్ తీసిన బెర్గమోట్ 3 గ్రాములు, మల్లె ఛాయనిచ్చే హెడియోన్ 1.8, గులాబీ–మల్లె బేస్ 1.5, సగానికి సగం కరిగించిన సాంబ్రాణి 1, ఐరిస్ ఛాయనిచ్చే మిథైల్ అయొనోన్ 0.6, కూమరిన్ 0.5, వెనిలిన్ 0.3, పచౌలి 0.3, ఈథైల్ వెనిలిన్ 0.2, వట్టివేరు నూనె 0.2, ఒపోపొనాక్స్ అనే బంక 0.2, పది శాతం ద్రావణాలుగా పునుగు బేస్ 0.2, శుద్ధి చేసిన బర్చ్ తారు 0.2. పొడులను (కూమరిన్, వెనిలిన్, ఈథైల్ వెనిలిన్) ముందు సాంబ్రాణి ద్రావణం, హెడియోన్‌లలో 40 డిగ్రీల గోరువెచ్చన మీద కరిగించాలి. చివర్లో వేస్తే గింజలు అడుగున పేరుకుంటాయి. 57 గ్రాముల 96 శాతం ఆల్కహాల్ పోసి నాలుగు వారాలు చీకట్లో ఉంచాలి.

రెండో సీసాలో వెనిలిన్‌ను 1.2 గ్రాములు చేసి, పునుగు, తారు తీసేయాలి. మార్కెట్‌లో దొరికే సగటు ‘వెనీలా వెర్షన్’ ఇదే. మూడో సీసాలో ఈథైల్ వెనిలిన్ పూర్తిగా తీసేసి, మామూలు ఆల్కహాల్ స్థానంలో పైన చెప్పిన వెనీలా కషాయం పోయాలి. తీసిన 0.2 గ్రాములు 0.6 గ్రాముల వెనిలిన్ తీపికి సమానం. కషాయం నుంచి వచ్చేది 0.14 గ్రాములే. అందుకని వెనిలిన్‌ను 0.75కు పెంచి, హెడియోన్‌ను 0.25 తగ్గిస్తే తూకం సరిపోతుంది. మూడో సీసాలో తారును సగం చేసినా తోలు వాసన తగ్గినట్టు అనిపించదు, ఆ లోటు కాయ పూడుస్తుంది. ‘ఆధునికం’ అన్న మాటకు నా దృష్టిలో అర్థం ఇదే.

చిక్కులు ఎక్కువగా వచ్చేది కూడా మూడో సీసాకే. వెనీలా కాయలో పాతిక నుంచి ముప్పై శాతం నీరుంటుంది. అది ఆల్కహాల్‌ను కొద్దిగా పలచన చేస్తుంది, ద్రవం మసకబారవచ్చు. రెండు రోజులు 4 డిగ్రీల దగ్గర ఉంచి, చల్లగా ఉన్నప్పుడే వడకట్టాలి. వేడెక్కాక వడకడితే మళ్లీ మసకబారుతుంది. ఇనుప పాత్ర, తుప్పు పట్టిన మూత తగిలినా వెనిలిన్ రంగు చెడుతుంది కనుక గాజు, స్టీల్ తప్ప వేరే వద్దు. మల్లె బేస్‌లోని ఇండోల్, మిథైల్ ఆంత్రనిలేట్ వెనిలిన్‌తో కలిసి నెలల్లో ముదురు గోధుమ రంగు తెస్తాయి. లేత రంగు కావాలనుకునేవాళ్లు వెనిలిన్‌లో కొంత భాగానికి బదులు వెనిలిన్ ఐసోబ్యుటిరేట్ వాడతారు. రంగు తగ్గుతుంది కానీ వాసన తెల్ల చాక్లెట్ వైపు జారుతుంది, ఈ నిర్మాణానికి అది నప్పదు. రంగును ఒప్పుకోవడమే మేలు, తెల్లబట్టల మీద చల్లకుండా ఉంటే సరి.

వాసన పోల్చేటప్పుడు కాగితపు పట్టీలను మూడు సీసాల్లోనూ ఒకేసారి ముంచి పది నిమిషాలకు, రెండు గంటలకు, ఎనిమిది గంటలకు చూడాలి. మొదటి పది నిమిషాల్లో రెండో సీసాయే చాలామందికి నచ్చుతుంది. ఎనిమిదో గంటలో ఆ పట్టీ మీద వెనిలినే మిగతావాటిని కప్పేస్తుంది. మూడో పట్టీ మీద మాత్రం సాంబ్రాణి, పొగ, ఎండు కాయ విడివిడిగా తెలుస్తూనే ఉంటాయి.