చప్పుడు లేకపోతే చాలా?

వరండాలో నడుస్తూ, ఏ తరగతిలోంచి చప్పుడు రావడం లేదో చూసి అక్కడి టీచరే సమర్థులని తేల్చేసే ప్రధానోపాధ్యాయులు ఇంకా ఉన్నారు. మా దృష్టిలో అది తప్పుడు కొలమానం. భయంతో నోరు కట్టేసుకున్న తరగతీ, లెక్కలో మునిగిపోయిన తరగతీ గుమ్మం బయటికి ఒకేలా వినిపిస్తాయి.

అమెరికా మనస్తత్వవేత్త జేకబ్ కూనిన్ ఒకసారి తన క్లాసులో పేపరు చదువుతున్న విద్యార్థిని మందలించారు. ఒక్కరిని అంటే మిగతావాళ్లంతా సర్దుకుని కూర్చున్నారు. ఆ వింతే ఆయన్ని ఏళ్ల తరబడి పరిశోధనలోకి దింపింది. తరగతి గదుల్ని వీడియో తీసి మరీ పరిశీలించారు. 1970లో ఆయన వెల్లడించిన ఫలితం చాలామందికి ఇప్పటికీ మింగుడుపడదు. అల్లరి మొదలయ్యాక టీచరు గట్టిగా మందలించారా, మెత్తగా చెప్పారా అన్నదానివల్ల పెద్ద తేడా లేదు. తేడా అంతా అంతకుముందు చేసే పనుల్లో ఉంది. గది మొత్తం మీద ఓ కన్నేసి ఉంచడం, పాఠాన్ని తెగకుండా నడపడం, ‘నన్ను అడగరులే’ అన్న ధీమా ఎవరికీ కలగనివ్వకపోవడం.

పాఠం తెగడం చిన్న విషయంలాగే కనిపిస్తుంది. భిన్నాలు చెబుతూ చెబుతూ ‘హోంవర్కు ఎవరు తేలేదు?’ అంటారు. అంతే, అందరి ధ్యాసా ఒక్కసారిగా చెదురుతుంది. దాన్ని మళ్లీ పోగుచేయడానికి అరవాలి. ఆ అరుపుకి కారణం పిల్లలు కాదు. తొందరపాటు సంగతీ ఇలాంటిదే. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకనే ఆగుతున్నారని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, వెనకబడ్డ పిల్లలూ నోరు విప్పారు.

ఇదంతా నేర్చుకోగలిగిన పనే. నేర్పేదెవరు? శిక్షణలో పాఠ్యప్రణాళిక రాయడం నేర్పినంత శ్రద్ధగా దీన్ని నేర్పరు. కిక్కిరిసిన గదిలో ఎంత నేర్పున్నా కొంతవరకే, అదీ నిజమే. కానీ కొత్త టీచరుని కొన్ని వారాలు అనుభవజ్ఞుల క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోబెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. తప్పులెన్నే అధికారి బదులు తోటి టీచరు వచ్చి కొత్తవాళ్ల క్లాసు చూసినా చాలు. చాలాచోట్ల జరిగేది మాత్రం, సీనియర్లెవరూ ఒప్పుకోని సెక్షన్‌ను మొదటిరోజే కొత్తవాళ్ల చేతిలో పెట్టడం.