అడుగు ఊడింది

మా కాలనీ వేసవి బాస్కెట్‌బాల్ పోటీకి రావాల్సిన రెఫరీ రాలేదు. విజిల్ తెచ్చి నా మెడలో వేశారు. నా అర్హతల్లా ముప్పై ఏళ్ల కిందట కాలేజీ టీములో ఉండటమే. అదీ బెంచీ మీద.

మా రోజుల్లో లెక్క సులువు. బంతి పట్టుకున్నాక రెండడుగులు, మూడోది పడితే ట్రావెలింగ్ అనే తప్పు, స్టెప్స్ అన్నా అదే. ఆ లెక్కతోనే మొదటి పది నిమిషాల్లో ఆరుసార్లు ఈల ఊది, ట్రావెలింగ్ సైగగా పిడికిళ్లు గుండ్రంగా తిప్పాను. దూరం నుంచి ఊలు చుడుతున్నట్టుందట, మా ఆవిడ చెప్పింది.

ఏడోసారి ఓ బక్కపలచటి కుర్రాడు డ్రిబుల్ ఆపి బంతి అందుకుని, కుడికో అడుగు, ఎడమకో అడుగు వేసి, గుంతలు తప్పించుకునే స్కూటర్‌లా డిఫెండర్‌ని దాటి బుట్టలో వేశాడు. ఊదాను.

"అంకుల్, అది యూరో స్టెప్. అర్జెంటీనా ప్లేయర్ జినోబిలీ వేసేవాడే!"

"మూడు లెక్కపెట్టాను బాబూ."

"మొదటిది జీరో అంకుల్. బంతి చేతికి చిక్కేటప్పుడు నేల మీదున్న కాలు లెక్కలోకి రాదు. బాస్కెట్‌బాల్ ప్రపంచ సంస్థ ఫీబా 2017లోనే రూలు మార్చింది."

జీరో అడుగట! మా పెళ్లిలో పంతులుగారికి ఈ సంగతి తెలిసుంటే ఇంకో అడుగు వేయించేవారు.

అక్కణ్నుంచి నాకు టెన్షన్ మొదలైంది. కాళ్లు చూస్తే బంతి ఎప్పుడు పట్టాడో తెలీదు, చేతులు చూస్తే ఏ కాలు ముందు పడిందో తెలీదు.

ఆఖరి నిమిషం, స్కోరు సమానం. మావాడు పరుగు ఆపి, ఎడమ కాలు పివట్‌గా, అంటే ఇరుసులా నేలకి ఆనించి పెట్టి గిర్రున తిరిగాడు. 'పచక్' అని చప్పుడు. కాలు పైకి లేచింది. బూటు అడుగు మాత్రం సిమెంటు మీదే ఉండిపోయింది.

"పివట్ లేచింది, స్టెప్స్!" అని అటువైపు కోచ్.

"లేస్తే తప్పేం లేదు, మళ్లీ దించితేనే తప్పు. అయినా పివట్ ఎక్కడికి పోయిందండీ? అదిగో!" అని ఇటువైపు కోచ్, ఆ సోల్‌ని చూపిస్తూ.

ఇద్దరూ దాని పక్కన గొంతుక్కూర్చున్నారు. నేనూ వంగి చూశాను. దానికింకా గమ్ అంటుకునే ఉంది. కొత్త బూట్లు కొనమంటే పోయిన వారం నేను అతికించిచ్చిన గమ్మే. విజిల్ నోట్లోనే ఉంది గానీ ఊదటానికి ఊపిరాడలేదు.

మావాడు బంతి గుండెకి హత్తుకుని కొంగలా ఒంటికాలి మీద ఊగుతున్నాడు.

"నాన్నా, కాలు దించొచ్చా?"