సెంటు డబ్బా తగిలిస్తే పెట్రోలు లీకు ఆగుతుందా?

ఇప్పుడే రేణిగుంట రోడ్డులోని ఒక షెడ్డు నుంచి మా 2004 నాటి కారును వెనక్కు తెచ్చుకున్నాను. పెట్రోలు వాసన వస్తోందని అప్పగిస్తే, వారు దాన్ని శుభ్రంగా కడిగి, అద్దానికి మల్లెపూల సెంటు డబ్బా వేలాడదీసి, ఆ డబ్బాకు కూడా బిల్లు వేశారు. ఇదేమిటయ్యా అని అడిగితే, "పాత బండి గదా సార్, ఆ మాత్రం వాసన ఉంటాది" అని సెలవిచ్చారు. ఇప్పుడు కారెక్కితే పెట్రోలు బంకులో పెళ్లి జరుగుతున్నట్టుంది.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, అందులోనూ అలిపిరి దాటి ఘాట్ ఎక్కుతూ మలుపు తిరిగినప్పుడల్లా గుప్పుమంటుందనీ, సగానికి దిగితే తగ్గిపోతుందనీ నేను ముందే విడమరిచి చెప్పాను. పని తెలిసిన వాడికి ఆ మాట చాలదా? అప్పుడు ముందుగా ట్యాంకు పైభాగాన్ని అనుమానించాలి: మూత లోపలి వాషరు, పెట్రోలు పోసే గొట్టాన్ని ట్యాంకుకు కలిపే రబ్బరు హోసు, దాని పక్కనుండే సన్నని గాలి గొట్టం, పెట్రోలు ఎంతుందో కొలిచే గేజి యూనిట్ కింది వాషరు. ఇంటికొచ్చి టార్చి వేసి చూస్తే, క్లిప్పు బిగించిన చోట హోసు చుట్టూ దుమ్ము తడిసి నల్లగా అంటుకుని ఉంది. వేలితో కొద్దిగా వంచగానే పగుళ్లు నోళ్లు తెరిచాయి. అద్దానికి డబ్బా కట్టే తీరిక ఉన్నవారికి వంగి చూసే తీరిక లేకపోయింది.

పైగా, వాసన తగ్గకపోతే ట్యాంకు దించి వెల్డింగు పెట్టిద్దామన్నారు! ఖాళీ అనుకున్న ట్యాంకులో మిగిలే ఆవిరి ఒక్క నిప్పురవ్వకే పేలుతుందని తెలియని వారి చేతికి వెల్డింగు రాడ్డు ఇచ్చిన మహానుభావులెవరో! హోసు సంగతి నేనే చెబితే, అంగడిలో పడి ఉన్న నీళ్ల పైపు ముక్క వేస్తామన్నారు. 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది. మామూలు పెట్రోలుకే ఆగని నీళ్ల పైపు దానికి ఆగుతుందా?

అసలు నాకు అంతకంటే పాత కోపం బంకు వారి మీద ఉంది. గన్ను టక్కుమని ఆగిన తరువాత కూడా "రౌండ్ ఫిగర్ చేసేస్తా సార్" అంటూ గొంతు దాకా నింపుతారు. ట్యాంకు పైన ఆ కాస్త ఖాళీని వదిలేది రోహిణీ కార్తె ఎండకు పెట్రోలు పెరిగినప్పుడు చోటు ఉండాలని. ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి పెట్రోలే దిగితే అది పాడవుతుంది, కొత్త వాసన మొదలవుతుంది, మళ్లీ షెడ్డు, మళ్లీ మల్లెపూలు. ఇక చాలు, ఆపమంటే మొన్న ఆ కుర్రవాడు "మూడు రూపాయలు చిల్లర యాడుండాది సార్" అన్నాడు. నేను డబ్బు కట్టేది ఫోనులో!