నల్ల ఇన్సులేషన్ టేపు గారికి ఒక అంబాసిడర్ తరఫున విన్నపం

మహారాజరాజశ్రీ నల్ల ఇన్సులేషన్ టేపు గారికి నమస్కరించి రాయునది.

ఉభయ కుశలోపరి అని రాయాలనే ఉంది గానీ ఇక్కడ కుశలం అంతంత మాత్రమే. మీరు మాత్రం మా బాబాయి గారి అంబాసిడర్ డాష్‌బోర్డు కింద ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ కుశలంగా ఉన్నారు. నిన్న నా వేళ్లకు కూడా అంటుకున్నారు. కిరసనాయిలు పెట్టి రుద్దితే గానీ వదల్లేదు.

బాబాయి కోరిందేమీ గొంతెమ్మ కోరిక కాదు. ఆ బండికి ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్, వోల్టేజీ చూపించే మూడు మీటర్లు పెట్టించాలనుకున్నారు. 2014లో ఉత్తరపరా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది. ఇంజను పోతే మళ్లీ తెచ్చుకోవడం తేలిక కాదు. డాష్‌బోర్డు మీది ఎర్ర దీపం ఆయిల్ ప్రెషర్ దాదాపు అడుగంటాక గానీ వెలగదు. మీటరైతే ముల్లు దిగుతుండగానే కనిపిస్తుంది, బండి పక్కకు తీసి ఆపుకునే వ్యవధి ఉంటుంది. సరే, మీటర్లు ఆటోనగర్‌లో కొన్నాం. మెకానిక్ వచ్చాడు. వెంట ఫ్యూజు రాలేదు, రంధ్రం అంచు తీగను కోయకుండా తొడిగే రబ్బరు గ్రోమెట్ రాలేదు, తీగ చివర బిగించే రింగు టెర్మినల్ రాలేదు. అన్ని శాఖలూ తన దగ్గరే అట్టిపెట్టుకున్న ముఖ్యమంత్రిలా మీరొక్కరే విచ్చేశారు.

మీ ప్రమాణ స్వీకారం నేను పక్క సీట్లో కూర్చుని చూశాను. "ముందు బ్యాటరీ నెగటివ్ విప్పుదాం అన్నా" అంటే "పన్నెండు వోల్టులే సార్, షాకేం కొట్టదు" అన్నాడు. షాకు కొట్టదు, నిజమే. కానీ పాజిటివ్ తీగ బాడీకి తగిలిందంటే కారు బ్యాటరీ వందల ఆంపియర్లు కక్కుతుంది, సన్న వైరు అక్కడికక్కడే ఎర్రబడుతుంది. ఆ మాట పూర్తయ్యేలోపే ఆయన వైరు తొడుగు పంటితో కొరికి లాగాడు. ఆ ఊపుకి రాగి పోగులు కొన్ని తెగి సీటు మీద పడ్డాయి. మిగిలినవాటిని ఇగ్నిషన్ తీగకు మెలిపెట్టి, ఆ మెలిక మీద మిమ్మల్ని మూడు చుట్లు చుట్టాడు. చివర మళ్లీ పంటితోనే తెంపి, బొటనవేలితో ఒత్తి "ఫినిష్ సార్" అన్నాడు.

ఫ్యూజుల శాఖ మీ చేతికి వచ్చింది ఆ క్షణంలోనే. వోల్ట్ మీటరు లాగే కరెంటు పిసరంత. కరెంటు తీసుకునే చోటికి దగ్గర్లోనే ఒకటో రెండో ఆంపియర్ల ఫ్యూజు పెడితే, ఆ తర్వాత తీగలో ఎక్కడ షార్టయినా అది కాలిపోయి బండిని కాపాడుతుంది. ఫ్యూజు పుట్టిందే కాలిపోవడానికి. మీరు అందుకు పుట్టలేదు గానీ, కాలడానికి మీకూ పెద్ద అభ్యంతరం ఉన్నట్టు లేదు.

బాబాయి మొదట అడిగింది ఆంపియర్ మీటరు. నేనే పోరి మాన్పించాను. ఛార్జింగు కరెంటంతా దాని గుండానే పోవాలి, అంటే లావుపాటి తీగను డాష్‌బోర్డు దాకా లాక్కొచ్చి మళ్లీ వెనక్కి పంపాలి. పైగా పాత డైనమో తీసేసి, అంతకంటే ఎక్కువ కరెంటిచ్చే ఆల్టర్నేటర్ వేయించిన బండికి ముప్పై ఆంపియర్ల మీటరు ఏ మూలకు సరిపోతుంది? వోల్ట్ మీటరుకి ఆ బాధ లేదు. ఇంజను ఆపి ఉంటే పన్నెండున్నర దగ్గర, నడుస్తుంటే పద్నాలుగు దగ్గర ముల్లుంటే ఛార్జింగు బాగున్నట్టే.

ఇక మీ అసలు ప్రతాపం ఇంజనుకీ మన కాళ్లకీ మధ్య ఉండే రేకు దగ్గర. దానికి డ్రిల్లుతో రంధ్రం వేశారు. గోరు పెడితే తెగేంత పదునుగా ఉంది అంచు. గ్రోమెట్ ఏదంటే "టేపు చుట్టాం కద్సార్" అని జవాబు. ఆ రంధ్రంలోంచి పోయేది వైరొకటే కాదు మహాప్రభో! మేం కొన్నది మెకానికల్ ఆయిల్ మీటరు. ఇంజనులోని ఆయిలే సన్న గొట్టంలో డ్రైవరు మోకాళ్ల దాకా వస్తుంది. యాభై పౌండ్ల ఒత్తిడితో, చర్మం ఊడొచ్చేంత వేడితో వస్తుంది. బండి అదిరినప్పుడల్లా ఆ అంచు ముందు మిమ్మల్ని కోస్తుంది, తర్వాత గొట్టాన్ని. గొట్టం తెగితే ఆయిలు కాళ్ల మీద, ఇంజను ఖాళీ. గొట్టం రాగిదైతే అదురుకి గట్టిపడి తనంతట తనే చిట్లుతుంది. అందుకే ఇంజను దగ్గర ఒకటి రెండు చుట్లు వదులుగా తిప్పి పెట్టాలి. ఇదంతా ఎందుకనుకుంటే ఎలక్ట్రికల్ మీటరు ఉండనే ఉంది. దానికి లోపలికి వచ్చేది తీగ ఒక్కటే.

అయితే అక్కడ మీ తమ్ముడు గారు, తెల్ల టెఫ్లాన్ టేపు, కాచుకుని ఉంటారు. ఇంజనుకి బిగించి, ఒత్తిడి ఎంతో మీటరుకి చేరవేసే సెండర్లలో చాలావాటికి ఎర్త్ అందేది వాటి థ్రెడ్ల (మరల) ద్వారానే. ఆయన్ని మందంగా చుట్టి బిగిస్తే ఎర్త్ సరిగా అందక ముల్లు నోటికొచ్చిన అబద్ధం చెబుతుంది. థ్రెడ్ల లెక్క ఇంకో తంటా. ఇంగ్లీషు వారసత్వంగా వచ్చిన పాత ఇంజన్లలో ఎనిమిదో వంతు అంగుళం బీఎస్పీ (బ్రిటిష్ పైపు కొలత) థ్రెడ్డు ఉంటే అంగుళానికి 28 చుట్లు. బజార్లో దొరికే అడాప్టర్లలో చాలావాటిది ఎన్పీటీ (అమెరికా కొలత), అంటే 27. చూడ్డానికి కవలలు. మొదటి చుట్లు చక్కగా ఎక్కి, ఆ తర్వాత బిగుసుకుంటుంది. మన మెకానిక్ స్పానరుకి పైపు తగిలించేది సరిగ్గా అప్పుడే.

ఎర్ర దీపం స్విచ్చిని పీకేసి ఆ రంధ్రంలోనే మీటరు గొట్టం బిగించడం మాత్రం మీ తప్పు కాదు. "మీటరుండగా బుల్బెందుకు సార్" అన్నాడు. రాత్రిపూట లారీల లైట్లు కళ్లలో పడుతుంటే ముల్లు వంక చూసేదెవరు? ఇంగ్లీషు T ఆకారంలో ఉండే టీ జాయింటు ఒకటి పెడితే రెండూ ఉండేవి. ఊడిన ఆ స్విచ్చి వైరు చివర మీరే వేలాడుతున్నారు, మూతలా.

టెంపరేచర్ మీటరు సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. ముల్లు మీదికి లేవడమే లేదు. మెకానిక్ మురిసిపోయాడు. "చల్లగా ఉండాలని" ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి వెళ్లనివ్వని థర్మోస్టాట్‌ని ఎవరో ఎప్పుడో తీసి పారేశారని తర్వాత తెలిసింది. ఇంజను వేడెక్కాల్సినంత వేడెక్కక పెట్రోలు తాగుతుంటే ముల్లు మాత్రం పరమ సాధువు. ఇంజను వేడి సంగతి మీటరుకి చేర్చే సన్నని క్యాపిలరీ గొట్టం పొడవు ఎక్కువైందని మడతపెట్టి మీతో కట్టేశారు. అది నలిగినా తెగినా మీటరు చెత్తబుట్టకే.

మెకానిక్‌ని నేను తిట్టడం లేదు. చప్పుడు విని వాల్వు క్లియరెన్సు ఎక్కడ తేడా ఉందో చెప్పగల మనిషి. మీ మాయలో పడ్డాడు, అంతే. మే నెలలో రెంటచింతల ఎండలో అద్దాలు ఎత్తి నిలిపిన బండి లోపల మీ పరిస్థితి ఏమిటో ఆయన చూసి ఉండడు. మీ జిగురు కరిగి జారుతుంది, కొస విప్పుకుంటుంది, లోపలి రాగి బయటికి తొంగి చూస్తుంది. టెర్మినల్‌ని తీగ మీద సరిగ్గా నొక్కి క్రింపు చేసి, వేడికి ముడుచుకునే ష్రింక్ ట్యూబు వేసి వేడి చేసిన జాయింటు అలా ఒళ్లు విప్పుకోదు. ఆ తీగలన్నీ ఒక కట్టగా చుట్టే పని మీకిస్తాను. అందులో మీకు సాటి లేరు.

కావున తమరు పెద్ద మనసుతో మిగతా శాఖలు వదులుకోవలసిందిగా ప్రార్థన. ఆదివారం ఫ్యూజు హోల్డరు, గ్రోమెట్లు, టీ జాయింటు తీసుకుని బండి దగ్గరికి వస్తున్నాం.

ఇట్లు,
డ్రైవరు పక్క సీటు

తా.క.: మీటర్ల పట్టీని స్టీరింగు కింద సరిగ్గా డ్రైవరు మోకాలికి ఎదురుగా బిగించారు. అప్పుడే ఒక స్క్రూ వదులైంది. ప్రస్తుతానికి దాన్ని పట్టుకుని ఉన్నది కూడా మీరే. ఆదివారం దాకా వదలకండి.